ఎవరి తాత ముందొచ్చాడు? ఒక ప్రెయిరీ ఊరి గోడబొమ్మ కేసు

కెనడాలోని సస్కాచెవాన్‌లో చిన్న ఊళ్ల మ్యూజియంలకు, చరిత్ర కమిటీలకు సలహాలిచ్చే పని నాది. పాత వస్తువులు, పాత కాగితాలు, గోడల మీది బొమ్మలు ఏం చేయాలో పాలుపోనప్పుడు పిలుస్తారు. సగం సార్లు వస్తువు పేరు చెప్పి మనుషుల గొడవ తీర్చమంటారు. ఈ కేసూ ఆ కోవలోదే. ఊరి పేరు, కుటుంబాల పేర్లు ఇవ్వడం లేదు. ఎవరో పోల్చుకోగల వివరాలు కొన్ని మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామన్నది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేపథ్యం

ఊరు దక్షిణ సస్కాచెవాన్‌లో ఉంది. జనాభా వెయ్యి లోపు. ఒక మెయిన్ స్ట్రీట్, ఒక కో-ఆప్ దుకాణం, మంచు మీద ఆడే కర్లింగ్ ఆటకు ఒక రింక్, రైలు ఆగడం మానేశాక మ్యూజియంగా మారిన స్టేషన్. రైలుకట్ట పక్కన వరసగా ఉండే ఎలివేటర్లలో, అంటే ధాన్యం నిల్వచేసే ఎత్తైన చెక్క గోదాముల్లో, ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఒకప్పుడు ప్రెయిరీ అనే గడ్డిమైదానాల మూడు రాష్ట్రాల్లో కలిపి ఇలాంటి ధాన్యపు ఎలివేటర్లు ఐదు వేలకు పైగా ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

కేసు అర్థం కావాలంటే ఇక్కడ నేల ఎలా పంచారో కొంచెం చెప్పాలి. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడేళ్లు అక్కడ కాపురం ఉండాలి, ఇల్లు కట్టాలి, చెప్పినంత బీడు దున్నాలి. ఇవన్నీ చేశామని ప్రమాణం చేసి, సాక్షుల చేత చెప్పించి, అప్పుడు పట్టా పుచ్చుకోవాలి. దీన్నే హోమ్‌స్టెడ్ అంటారు. సర్వేయర్లు నేలను ముందే గళ్లుగా కొలిచి పెట్టారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉంటే ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. సెక్షన్లో నాలుగో వంతు క్వార్టర్, అంటే ఆ 160 ఎకరాలు. ఇక్కడి రైతులు ఇప్పటికీ పొలాన్ని ఎకరాల్లో కాకుండా క్వార్టర్లలోనే చెప్తారు.

అన్ని గళ్లూ ఊరికే పంచినవి కావు. సరి సంఖ్య సెక్షన్లు హోమ్‌స్టెడ్‌కు పోయాయి. బేసి సంఖ్యవి చాలామటుకు రైల్వే కంపెనీలకు వెళ్లాయి. 11, 29 బడుల ఖర్చు కోసం అట్టిపెట్టారు. 8వ సెక్షన్, 26వ సెక్షన్లో ముప్పాతిక పాత బొచ్చు వ్యాపార సంస్థ హడ్సన్స్ బే కంపెనీవి. మిగిలిపోయిన బేసి సెక్షన్లను 1908 చట్టంతో హోమ్‌స్టెడ్‌కు తెరిచారు. ఈ లెక్క చదవడానికి విసుగే గానీ, తర్వాత మమ్మల్ని ఒడ్డున పడేసింది ఇదే.

సస్కాచెవాన్ రాష్ట్రం ఏర్పడింది 1905లో. 75 ఏళ్లు నిండిన 1980లో ఊరూరా చరిత్ర పుస్తకాలు వేశారు. చాలావాటిది ఒకే పద్ధతి. కుటుంబాలు తమ గురించి తామే రాసి పంపుతాయి, కమిటీ అచ్చు వేస్తుంది. ఈ ఊరికీ అలాంటి బరువైన పుస్తకం ఒకటుంది. 2005లో రాష్ట్ర శతాబ్ది వచ్చినప్పుడు అందులోని ఫొటోలు చూసి ఒక స్థానిక చిత్రకారుడు మెయిన్ స్ట్రీట్ మీది పాత దుకాణం ఇటుక గోడకు పెద్ద బొమ్మ వేశారు. ఎద్దుల నాగలి, గడ్డిపెళ్లలతో కట్టిన ఇల్లు, నూర్పిడి యంత్రం, ముందు వరసలో తొలితరం కుటుంబాల ముఖాలు. బొమ్మలతో ఊరికి నలుగురిని రప్పించవచ్చన్న ఆలోచన ఈ దేశంలో బ్రిటిష్ కొలంబియాలోని చెమైనస్ నుంచి పాకింది. 1980ల మొదట్లో అక్కడి రంపపు మిల్లు చేజారే రోజుల్లో వాళ్లు గోడలు పట్టుకున్నారు. సస్కాచెవాన్‌లో మూస్ జా ఆ దారిన నడిచింది, చిన్న ఊళ్లు దాన్ని చూసి నడిచాయి.

ఏమని పిలిచారు

కమిటీ పంపిన ఉత్తరం సారాంశం ఇది: బొమ్మ పెచ్చులూడుతోంది, బాగుచేయవచ్చా? పనిలో పనిగా ఇంకో ఏడు కుటుంబాల ముఖాలు చేర్చవచ్చా?

నాకు మొదటి ప్రశ్న కంటే ఆ "పనిలో పనిగా" ఎక్కువ టెన్షన్ పెట్టింది. మన ఊళ్లలో గుడి గోడకు దాతల పేర్ల పలక పెట్టాక ఏం జరుగుతుందో తెలిసిందే. ఎక్కిన పేర్లు ఎవరూ చదవరు, ఎక్కని పేరు ఊరంతా చదువుతుంది. ఇక్కడా అంతే. బొమ్మలో ఉన్నవాళ్లు ఎక్కువగా ఒంటారియో నుంచి, బ్రిటన్ నుంచి వచ్చినవాళ్ల వారసులు. ఊరికి ఉత్తరాన దిగిన ఉక్రేనియన్ కుటుంబాల్లో ఒక్కటీ లేదు. అమెరికాలోని డకోటాల మీదుగా వచ్చిన నార్వే కుటుంబాల్లో ఒకటే ఉంది. "మా తాత ఏమన్నా గాల్లోంచి ఊడిపడ్డాడా?" అని ఒక పెద్దాయన మునిసిపల్ సమావేశంలో లేచి అడిగాడు. బడిలో చరిత్ర చెప్పే టీచరమ్మ ఇంకో ప్రశ్న వేసింది: మెయిన్ స్ట్రీట్ మీద ముప్పై ఏళ్లకు పైగా కేఫ్ నడిపిన చైనా ఆయన ఎక్కడ? దానికి ఎవరూ జవాబు చెప్పలేదు, ఎందుకంటే ఆయన తరఫున అడిగే మనవడు ఊళ్లో లేడు.

కమిటీ రెండుగా చీలింది. కోశాధికారి ఓటు పెట్టి ఏడు పేర్లు తేల్చేద్దాం అన్నారు. అధ్యక్షురాలు అందరినీ ఎక్కిద్దాం, గోడ పెద్దదే కదా అన్నారు.

ముందు గోడ సంగతి

రెండు సమస్యల్నీ విడదీసి గోడతో మొదలుపెట్టాను. గోడ నిలవకపోతే దాని మీద ఎవరి ముఖం ఉండాలన్న చర్చే దండగ.

పెచ్చులూడిన చోట ఇటుక మీద తెల్లటి ఉప్పు పొడి పట్టి ఉంది. వేలితో తుడిస్తే రాలింది. పైన పిట్టగోడ రేకు ఊడిపోయి ఉంది, పక్కనున్న నీటి గొట్టం పగిలి ఉంది. వాన నీరు, కరిగిన మంచు ఇటుకలోకి దిగుతున్నాయి. దక్షిణపు గోడ కాబట్టి చలికాలంలో కూడా పగలు ఎండకు వేడెక్కుతుంది, రాత్రికి గడ్డకడుతుంది. ఇటుకలోని నీరు బయటికి రావాలంటే రంగు పొర అడ్డం. దానికి తోడు కొన్నేళ్ల కిందట ఎవరో బొమ్మ "కాపాడదామని" పైన పారదర్శకమైన సీలెంట్ కూడా కొట్టించారు. ఊపిరాడని గోడలో ఉప్పు పేరుకుని రంగును వెనకనుంచి తోసేస్తోంది. ఎరుపులు, పసుపులు ఎండకు ఎలాగూ వెలిసిపోయాయి.

ఇలాంటి చోట వరస ముఖ్యం. ముందు నీరు, తర్వాత రంగు. పిట్టగోడకు కొత్త రేకు వేయించి, గొట్టం మార్పించి, వేసవంతా గోడను ఆరనిచ్చాం. ఆ తర్వాత ఒక మూల చిన్న ముక్క తీసుకుని, లేచిన పెచ్చుల్ని జిగురుతో అతికించి చూశాం. మొత్తం గోడకు డబ్బు పెట్టించే ముందు ఒక చలికాలం ఆగండి అన్నది నా షరతు. వసంతం వచ్చేసరికి అతికించిన ముక్క అంచులు మళ్లీ లేచాయి. లోపల ఉన్న ఉప్పు ఎక్కడికీ పోలేదు, పై సీలెంట్ తీయాలంటే కింది రంగు కూడా వచ్చేస్తోంది. ఇక ఇది ఖర్చు పెట్టే కొద్దీ ఖర్చయ్యే గోడ అని కమిటీకి చెప్పాను.

ముఖాలు చేర్చడం గురించి వేరే ఇబ్బంది ఉంది. కెనడా కాపీరైట్ చట్టంలో చిత్రకారుడికి నైతిక హక్కులు ఉంటాయి. చిత్రాన్ని మార్చితే అది ఆయన పరువుకు నష్టమనే చట్టం లెక్కేస్తుంది. బాగుచేయడానికి, కాపాడడానికి సద్బుద్ధితో చేసే పనికి మినహాయింపు ఉంది. టొరంటోలోని ఈటన్ సెంటర్‌లో కళాకారుడు మైకేల్ స్నో చేసిన పెద్దబాతుల శిల్పాలకు క్రిస్మస్ రిబ్బన్లు కడితే 1982లో కోర్టు వాటిని తీసేయమంది. రిబ్బన్లకే అంత అయితే ఏడు కొత్త ముఖాల సంగతేమిటి? చిత్రకారుడు చనిపోయాడు గానీ ఆ హక్కులు వారసులకు వెళ్తాయి. "ఆయన బతికుంటే కాదనేవాడు కాదు" అని అధ్యక్షురాలు అన్నారు. నిజమే కావచ్చు. ఆ ఔదార్యం మాత్రం మనం ఆయన తరఫున చూపించలేం. ఆయన పిల్లల్ని అడిగాం. కొత్త ముఖాలు వద్దు, బొమ్మను వివరంగా ఫొటోలు తీసి భద్రపరిచి, గోడ దానంతటది పోయేదాకా వదిలేయండి అన్నారు. అది మంచి జవాబు. అక్కడితో పాత బొమ్మ అధ్యాయం ముగిసింది, కొత్త బొమ్మ వేరే చోట అని తేలింది.

ఫారాలు, ఓట్లు

కొత్త బొమ్మలో ఎవరుండాలో తేల్చడానికి కమిటీ మొదట కుటుంబాలకు ఫారం పంచింది. మీ పూర్వీకులు ఎప్పుడొచ్చారు, ఎక్కడ దిగారు, ఒక ఫొటో, ఒక కథ. దీనితో లోటు ఉంటుందని తెలిసీ నేను అడ్డు చెప్పలేదు. ఊరివాళ్లు తమ చేత్తో ఏదో ఒకటి ఇవ్వనిదే పని తమదనుకోరు.

వచ్చినవి చూస్తే అవి 1980 పుస్తకానికి నకళ్లు. అప్పుడు రాసిన ఇళ్లే మళ్లీ రాశాయి, కొన్ని వాక్యాలైతే అక్షరం పొల్లుపోకుండా అవే. మూడు కుటుంబాలు "ఈ ప్రాంతంలో మొదటి నాగలి చాలు మాదే" అన్నాయి. ఒక ఇంటినుంచి పెద్ద కట్ట వచ్చింది, ఉత్తరపు వైపు నుంచి దాదాపు ఏమీ రాలేదు.

అసలు చిక్కు అంతకంటే లోతుగా ఉంది. 1870 నుంచి ప్రెయిరీల్లో పెట్టిన హోమ్‌స్టెడ్ దరఖాస్తుల్లో దాదాపు పదింట నాలుగు పట్టా దాకా వెళ్లలేదని చరిత్రకారుల లెక్క. వడగళ్లు, కరువు, అప్పు, ఒంటరితనం, చావు. వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్ల మనవలు ఈ ఊళ్లో ఉండరు, ఫారం నింపరు. అంటే ఎంత బాగా ఫారం రాసినా గెలిచినవాళ్ల చరిత్రే వస్తుంది. చైనా ఆయనది ఇంకో తలుపు. ఈ దేశానికి వచ్చే చైనీయుల మీద 1885లో 50 డాలర్లతో మొదలైన తలపన్ను 1903 చట్టంతో 500 అయింది. 1923 నుంచి 1947 దాకా చైనీయుల రాకనే దాదాపుగా ఆపేశారు. భార్యాబిడ్డల్ని రప్పించుకునే దారి లేనివాడికి ఇక్కడ వారసులు ఎక్కడినుంచి వస్తారు?

కోశాధికారి మళ్లీ ఓటు అన్నారు. ఓటుకు నేను గట్టిగానే అడ్డం పడ్డాను. ఓటు వేసేది ఇప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లు. ఉన్నవాళ్ల ఓటుతో లేనివాళ్ల చోటు తేల్చడం ఫారం కన్నా అన్యాయం. పైగా ఓడినవాళ్లందరికీ ఊరు కలిసి ముద్ర వేసినట్టవుతుంది.

కుటుంబాన్ని వదిలి నేలను పట్టుకున్నాం

కుటుంబాన్ని లెక్కలో ప్రమాణంగా పెట్టుకున్నంత కాలం ఈ గొడవ తెగదని అప్పటికి నాకు గట్టిగా అనిపించింది. ఇంకేం పెట్టుకోవచ్చు? కాలక్రమం పెడితే "ఎవరు ముందు" అన్న పోటీకి మనమే బల్ల వేసినట్టు. జాతులవారీగా ఉక్రేనియన్లు, నార్వేవాళ్లు, ఇంగ్లీషువాళ్లు అని భాగాలు చేస్తే మూడు తరాలుగా కలిసిపోయిన ఇళ్లను మళ్లీ విడగొట్టాలి. వృత్తులవారీగా అన్న ఆలోచన కమిటీలో ఒకరిది, చెడ్డది కాదు, కానీ ఊళ్లో నూటికి తొంభై మంది రైతులే.

సర్వే పటం చూస్తుంటే లెక్క తట్టింది. టౌన్‌షిప్‌లో 36 సెక్షన్లు, ఒక్కోదానిలో నాలుగు క్వార్టర్లు, మొత్తం 144. అంటే పన్నెండు అడ్డం, పన్నెండు నిలువు. ఒక్కో క్వార్టర్‌కు ఒక అడుగు చదరపు పలక చేస్తే పన్నెండడుగుల చదరంలో టౌన్‌షిప్ మొత్తం వస్తుంది. ఊళ్లో బొంతలు కుట్టే ఆడవాళ్ల బృందం ఉంది. వాళ్లకు పటం చూపిస్తే "ఇది బొంతే కదా" అని అప్పటికప్పుడు వేళ్లతో గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అక్కడినుంచి పని నాది కాకుండా ఊరిదైంది.

నియమం ఒకటే పెట్టాం. ఏ గడిలోనైనా ఆ క్వార్టర్ గురించి కాగితం చెప్పిందే గీయాలి. ఎవరి పేరు ఉండాలన్నది ఎవరి ఓటూ కాదు, ఫైలు చెప్పాలి. హోమ్‌స్టెడ్ ఫైళ్లు సస్కాచెవాన్ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పట్టాల సూచీ కెనడా జాతీయ ఆర్కైవ్స్‌లో దొరుకుతుంది కానీ అందులో గెలిచినవాళ్లే ఉంటారు. ఫైలు తెరిస్తే ఒకే క్వార్టర్‌కు వరసగా దరఖాస్తు పెట్టి వదిలేసినవాళ్లు కూడా కనిపిస్తారు. నాకు కావాల్సింది వాళ్లే. కెనడియన్ పసిఫిక్ రైల్వే అమ్మిన భూముల లెక్కలు కాల్గరీలో గ్లెన్‌బో సేకరణలో, హడ్సన్స్ బే కంపెనీవి విన్నిపెగ్‌లో ఉన్నాయి.

ఎక్కడ ఆపాలన్నదీ ముందే తేల్చాం. కమిటీ 1914 అంది, మొదటి ప్రపంచయుద్ధం ముందువాళ్లే తొలితరం అని. నేను 1930 అడిగాను. ఆ ఏడాది కేంద్రం భూముల్ని రాష్ట్రాలకు అప్పగించింది, దాంతో డొమినియన్ హోమ్‌స్టెడ్ పద్ధతి ముగిసింది. 1914 మనం గీసే గీత, 1930 కాగితాలు గీసిన గీత. వాదన వచ్చినప్పుడు రెండోదాన్ని నిలబెట్టడం తేలిక. అంతకు తర్వాతికి వెళ్తే బతికున్నవాళ్ల ఆస్తి తగాదాలు తగులుకుంటాయి, అది ఈ బొమ్మ పని కాదు.

"మమ్మల్ని గడిలో పెట్టొద్దు"

ఈ నేల ఇక్కడి ఆదివాసీ జాతులకు, ప్రభుత్వానికి మధ్య 1874లో కుదిరిన నాలుగో ఒప్పందం పరిధిలోది. దగ్గరలోనే ఒక ఫస్ట్ నేషన్ రిజర్వ్, అంటే ఆదివాసీ జాతికి కేటాయించిన నేల, ఉంది. కమిటీ మొదటి నమూనాలో మూల మీది ఒక గడిలో టీపీ గుడారం, అడవిదున్నల మంద గీసి "ఆదిమవాసులు" అని రాశారు. చెడు ఉద్దేశంతో కాదు గానీ, ఆ గడి ఏ క్వార్టర్‌ది? మా నియమం ప్రకారమే అది నిలవదు. నమూనా తీసుకుని రిజర్వ్ పెద్దల దగ్గరికి వెళ్లాం. వాళ్లలో ఒకావిడ చాలాసేపు చూసి, "ఈ గళ్లు తర్వాత వచ్చినవి. మమ్మల్ని గడిలో పెట్టొద్దు" అంది.

దానితో నిర్మాణమే మారింది. మొదట, గళ్ల వెనక ఉండే పలక మొత్తం మీద సర్వేకు ముందటి నేలను గీయాలి: వాగులు, నీటి మడుగులు, గడ్డి, దారులు. ఆ పని రిజర్వ్‌కు చెందిన చిత్రకారిణికి ఇచ్చాం, మిగతా అందరికీ ఇవ్వని పారితోషికం ఆమెకు ఇచ్చాం, ఎందుకంటే అది ఆమె వృత్తి. గడి పలకల్ని అడుగు కాకుండా పదకొండు అంగుళాలకు కుదించి మధ్యలో అంగుళం సందు వదిలాం. సర్వేలో సెక్షన్ల మధ్య రోడ్ల కోసం 66 అడుగులు వదిలేవాళ్లు. ఆ సందుల్లోంచి ఇప్పుడు కింది నేల కనిపిస్తుంది. ఒక వాగు గళ్లను లెక్కచేయకుండా అడ్డంగా వెళ్తుంది. కమిటీలో ఇద్దరికి ఇది నచ్చలేదు, బొమ్మ తెగినట్టుంది అన్నారు. తెగినట్టే ఉండాలని ఆ చిత్రకారిణి అంది, నేను ఆమె పక్షమే తీసుకున్నాను.

గళ్లు నింపిన తీరు

కాగితం చెప్పిందే గీయాలన్న నియమం పిల్లలకు మొదట నచ్చలేదు. సూర్యాస్తమయాలు గీద్దామనుకున్నారు. ఫైళ్ల నకళ్లు చేతికిచ్చాక మారిపోయారు. పట్టా కోసం చేసే ప్రమాణపత్రంలో ప్రశ్నలు వరసగా ఉంటాయి: ఏ ఏడు ఎన్ని ఎకరాలు దున్నావు, ఎన్ని పశువులు, ఇల్లు ఎంత పొడవు ఎంత వెడల్పు, దాని విలువెంత, ఎన్నాళ్లు ఊళ్లో లేవు, ఎందుకు. ఒకాయన జవాబు: 14 అడుగులు, 16 అడుగుల ఇల్లు. బడి పిల్లలు తరగతి గదిలో నేల మీద టేపు అతికించి ఆ కొలత గీశారు. అందులో ఏడుగురు మనుషులు, ఒక పొయ్యి, ఒక మంచం పట్టించడానికి ప్రయత్నించారు. వాళ్ల గడిలో ఆ ఇంటిని పైనుంచి చూసినట్టు వేశారు, మనుషులు తల పక్కన తలగా ఉన్నారు. నాకు ఆ గోడ మొత్తంలో బాగా నచ్చిన గడి అది.

ఇంకో క్వార్టర్ ఫైల్లో ముగ్గురి దరఖాస్తులు. మొదటాయన మూడెకరాలు దున్ని వెళ్లిపోయాడు. ఇంటి జాడ లేదని తనిఖీ అధికారి రాశాడు. రెండో ఆయన చలికాలం కలప క్యాంపుల్లో కూలికి వెళ్లి తిరిగి రాలేదు. పట్టా దొరికింది మూడో ఆయనకి, ఆయన వారసులు ఊళ్లోనే ఉన్నారు. ఆ గడి వేసిన ముసలాయన దాన్ని మూడు పట్టీలుగా చేశాడు. మొదటి పట్టీలో నల్లటి దుక్కి తప్ప ఏమీ లేదు.

ఆడవాళ్ల సంగతి ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. ఇంటిపెద్ద అయితే తప్ప, అంటే బిడ్డలున్న వితంతువులాంటి స్థితిలో తప్ప, ఆడవాళ్లకు హోమ్‌స్టెడ్ ఇచ్చేవాళ్లు కాదు. ఫైల్లో భార్య ఒక అంకె మాత్రమే, "కుటుంబంలో ఎంతమంది" అన్న చోట. ప్రెయిరీ రాష్ట్రాలకు 1906లో, 1916లో విడిగా జరిగిన జనగణనల్లో పేర్లున్నాయి. జనగణన కూడా కాగితమే కాబట్టి నియమం ఒప్పుకుంటుంది. బొంతల బృందం పట్టుబట్టి ప్రతి గడి మీదా ఆ పేర్లు ఎక్కించింది. ఒకచోట మాత్రం ఒకామె తన పేరు మీదే నేల పొందింది. దక్షిణాఫ్రికా యుద్ధంలో పనిచేసినవాళ్లకు 1908 చట్టం ఇచ్చిన 320 ఎకరాల హక్కుపత్రాన్ని కొనుక్కుంది. ఆడవాళ్లు అలా కొనడానికి వీలుండేది. 1980 పుస్తకంలో ఆమె "ఫలానా ఆయన చెల్లెలు".

కేఫ్ ఉన్న గడి ఊరు వెలిసిన క్వార్టర్‌లోది, కాబట్టి దాన్ని ప్లాట్లుగా చీల్చాం. చైనా ఆయన గురించి పుస్తకంలో ఒకే వాక్యం ఉంది, ఆయన చేసే "పై" (pie) అనే తీపి వంటకం బాగుండేదని. మునిసిపాలిటీ పన్ను జాబితాలో ప్లాటు నంబరు దొరికింది. టీచరమ్మ విద్యార్థిని ఒకతె గాజు పెట్టెలో ఆ "పై" వంటకం గీసి, దాని ధర చీటీ మీద 500 డాలర్లు రాస్తానంది. నేను ఆపి అడిగాను: ఆయన ఏ ఏడు వచ్చాడు? తలపన్ను 50 డాలర్లున్న కాలంలో వచ్చాడా, 500 ఉన్న కాలంలోనా? 1911 జనగణనలో వలస వచ్చిన సంవత్సరం గడి ఉంటుంది. వెతికితే 1908 అని తేలింది. అయితే వ్యాపారులకు తలపన్ను మినహాయింపు ఉండేది, ఆయన ఏ హోదాలో దిగాడో తెలియదు. అందుకని గోడ మీద 500 ఉంచి, పక్కన పెట్టే పుస్తకంలో "ఆ ఏటి చట్టం ప్రకారం పన్ను, ఆయన కట్టిన రసీదు దొరకలేదు" అని రాయించాం. చైనీయుల కొట్లలో తెల్లజాతి ఆడవాళ్లు పనిచేయకూడదని సస్కాచెవాన్ 1912లో చట్టం చేసిన సంగతి కూడా అక్కడే రాశాం. ఆ కేఫ్‌లో వడ్డించిన అమ్మల గురించి ఊళ్లో చెప్పుకునే కథలు ఆ తేదీతో కలిపి చూస్తే వేరేగా వినిపిస్తాయి.

పెద్ద ఇంటి అభ్యంతరం

మొదటి నాగలి చాలు తమదేనన్న మూడు కుటుంబాల్లో ఒకటి ఈ ప్రాజెక్టుకు పెద్ద దాత. వాళ్ల ఇంటి క్వార్టర్ ఫైల్లో ముత్తాతకంటే ముందు ఇంకొకాయన దరఖాస్తు ఉంది. ఆయన కొంత దున్ని వదిలేశాడు. అంటే ముత్తాత దిగేసరికి అక్కడ చాలు పడి ఉంది. కుటుంబం ఆ పేరు తీసేయమంది. కమిటీ గదిలో అందరూ నా వైపు చూశారు.

రెండు దార్లు కనిపించాయి. ఆ ఒక్క గడిని వదిలేస్తే డబ్బు నిలుస్తుంది, కానీ మిగతా 143 గళ్లకు చెప్పిన నియమం అబద్ధమవుతుంది. పట్టుబడితే డబ్బు పోతుంది. మధ్యేమార్గంగా ఒకటి చెప్పాను: గడిలో కాగితం ప్రకారం ఇద్దరూ, పక్క పుస్తకంలో "మా ఇంట్లో చెప్పుకునేది" అని వాళ్ల మాటల్లోనే కథ. ఇంటి కథలు కాగితాల కన్నా తక్కువ కాదు, అవి వేరే సరుకు. అవి ఉండాల్సిన చోటు పుస్తకం. కుటుంబం ఒప్పుకోలేదు, విరాళం వెనక్కి తీసుకుంది. దీపాల ఖర్చు మానుకుని పని పూర్తిచేశాం. ఆవిష్కరణకు వాళ్లు రాలేదు. ఇప్పటికీ రాలేదనే విన్నాను. దీన్ని నేను ఓటమిగా లెక్కేయను, గెలుపు అని చెప్పుకోనూ లేను.

ఏం నిలబడింది

వెనక పలకకు ఇటుక జోలికి పోకుండా అల్యూమినియం కాంపోజిట్ వాడాం. దాన్ని మ్యూజియం ఉత్తరపు గోడకు, వెనక గాలి ఆడేలా ఖాళీ వదిలి బిగించాం. ఉత్తరపు గోడ అంటే ఎండ దెబ్బ తక్కువ. ప్రతి గడి పలకా విడిగా స్టీల్ స్క్రూల మీద నిలబడుతుంది. వెలిసిపోతే, ఎవరైనా గీకితే, లేదా కొత్త కాగితం దొరికితే ఆ ఒక్కటీ విప్పి మార్చవచ్చు. గీసినవాళ్లందరి దగ్గరా మార్పిడికి ఒప్పుకోలు ముందే రాయించుకున్నాం. పాత గోడ దగ్గర చట్టంతో తగిలిన ముడి ఇక్కడ ముందే విప్పినట్టైంది. తీసేసిన గడి మ్యూజియం పెట్టెలోకి వెళ్తుంది, చెత్తలోకి కాదు.

ఇదివరకే కొన్ని మారాయి. ఉక్రేనియన్ పేర్లను గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నారు కాబట్టి ఒకే మనిషి రెండు గళ్లలో రెండు పేర్లతో ఉన్నాడని ఒక మనవరాలు చర్చి రిజిస్టర్ తెచ్చి చూపించింది. రైల్వే గళ్లు ఇంకా చాలావరకు ఖాళీ. అమ్మకం లెక్కలు తిరగేసే ఓపిక ఉన్నవాళ్ల కోసం ఎదురుచూస్తున్నాయి. ఖాళీవాటిని ఉత్త బూడిదరంగులో వదిలేయమని చెప్పాను. అందంగా నింపేస్తే ఇక ఎవరూ వెతకరు. చూడ్డానికి వచ్చేవాళ్ల ప్రశ్నల్లో పిల్లలది ఎప్పుడూ ఒకటే: అంకెలు ఎందుకిలా పాము నడకలో ఉన్నాయి? ఒకటో సెక్షన్ ఆగ్నేయ మూల నుంచి మొదలై పడమటికి వెళ్లి, మళ్లీ తూర్పుకు తిరుగుతుంది. దానికి చిన్న పటం ఒకటి పక్కన తగిలించాల్సి వచ్చింది.

దక్షిణ సస్కాచెవాన్ నది ఒడ్డున ఉన్న ఇంకో ఊరి కమిటీ ఇది చూసి వెళ్లి, అదే నమూనా తమకూ కావాలంది. వద్దన్నాను. వాళ్ల ప్రాంతంలో మెటీలు, అంటే ఆదివాసీలకు, యూరోపియన్లకు పుట్టిన సంతతి వాళ్లు, నదిని ఆనుకుని పొడవాటి సన్నని కమతాల్లో కాపురం ఉండేవాళ్లు. చదరపు సర్వే ఆ కమతాలతో కుదరకపోవడం 1885 తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. అక్కడ గళ్ల బొంత వేలాడదీస్తే గొడవలో ఒక పక్షం పటాన్నే గోడకెక్కించినట్టవుతుంది. ముందు నది కమతాల పటం తెప్పించండి, మెటీ కుటుంబాలకు భూమి బదులు ఇచ్చిన స్క్రిప్ కాగితాల కోసం జాతీయ ఆర్కైవ్స్‌కు రాయండి, ఆకారం ఆ తర్వాత మాట్లాడుకుందాం అని చెప్పాను. వాళ్లు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు.